దుర్వ్యసన కథలను జదువవచ్చునా?

లోకమున మంచివారి చరితములను మాత్రమే చెప్పి మంచినే బోధించు గ్రంథములు కొన్ని. ఒక మనుష్యుని పతనమును మెట్టువెంట మెట్టుగా మన కన్నుల యెదుట నడపించి, కడపట నొక శవమును మాత్రము మిగిల్చిపోవు గ్రంథములు మఱికొన్ని. మొదటి తెగవానిని పిల్లల చేతికిచ్చుటకు ఎవరును సంకోచింపరు. రెండవ తెగవానిని గుఱించియే తగవు. త్రాగుబోతు కథ, జూదరి కథ, నల్లమందు మరగినవాని కథ, వీనిని జదువవలెనా, మానవలెనా? చదివి ఆ దౌర్భాగ్యునికై కన్నీరు విడుచుట ధర్మమా, లేక ఆ కన్నీరే వ్యసనమునకు ఊతయగునా? ఈ ప్రశ్న పండితుల వినోదమునకై పుట్టినది కాదు. కల్లుదుకాణము లేని యూరును, బెల్టుషాపు లేని వాడను వెదకుట కష్టమైన మన సీమలో ఇది ప్రతి గృహమును దాకు ప్రశ్న.

ఈ తగవు క్రొత్తదియు గాదు. గ్రీకు దేశమున ప్లేటో తన ఆదర్శ రాజ్యమునుండి కవులను వెడలింపవలెననెను. అణచవలసిన ఉద్రేకములను వారు పెంచి పోషింతురని ఆయన ఆరోపణము. ఆయన శిష్యుడగు అరిస్టాటిలు, విషాదనాటకము జాలిని భయమును పుట్టించి ఆ భావములనే శోధించునని బదులు చెప్పెను. మన ఆలంకారికులలో మమ్మటుడు కావ్యము రాజువలె శాసింపదనియు, మిత్రునివలె వాదింపదనియు, ప్రియురాలివలె మనసు కరగించి దారికి దెచ్చుననియు వివరించెను. మనసు కరగుట మేలే. కాని కరగిన మనసు ఏ వైపునకు పాఱవలెనో నిర్ణయించువారెవరు? చిక్కంతయు నచ్చటనే యున్నది.

పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున ఈ తగవు వీధికెక్కెను. ఎమిలీ జోలా 'లసొమ్వార్' అను నవలను 1876లో ఒక పత్రికయందు ధారావాహికముగా ప్రచురింప నారంభించెను. పారిసు నగరమున బట్టలుతుకు స్త్రీ యొకతె, ఇండ్లకప్పులు వేయు ఆమె భర్త, వారిద్దఱును సారాయిచే నశించిన విధము దాని కథ. చదువరుల అలజడిచే ఆ పత్రిక ప్రచురణము నడుమనే మానుకొనగా, మఱియొక పత్రిక దానిని ముగించెను. 1877లో గ్రంథముగా వెలువడినపుడు సంప్రదాయవాదులు ఇది బురద యనిరి. కార్మికపక్షమువారిలో కొందఱు ఇది శ్రమజీవులపై నింద యనిరి. జోలా తాను సత్యమును వ్రాసితినని పీఠికలో సమాధానము చెప్పుకొనెను. రెండు వైపులవారును ఆ గ్రంథమును ద్వేషించిరి. రెండు వైపులవారును దానిని జదివిరి. చీకటి కథల భాగ్యమెప్పుడును ఇట్టిదే.

మా నాగల్‌గిద్ద తెలుగు, కన్నడము, మరాఠీ మూడును చెవినిబడు సరిహద్దు సీమ. నారాయణఖేడు ప్రాంతముననుండి 2016లో సంగారెడ్డి జిల్లాయందు ప్రత్యేక మండలమైనది. ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగిన జోగిపేట ఈ జిల్లాలోనిదే. ఆ తరమువారు భాషకును గ్రంథాలయములకును పడిన పాటు ఊరక పోలేదనుటకు నిదర్శనముగా, ఉపాధ్యాయులము, కొందఱు రైతులు, వర్తకులు, అంగన్‌వాడీలో పనిచేయు సోదరీమణులు కలిసి నెలకొక పుస్తకమును జదివి ముచ్చటించుకొను గోష్ఠి నొకదానిని నడపుచున్నాము. అందు శరచ్చంద్ర ఛటోపాధ్యాయుని 'దేవదాసు'ను జదివినప్పుడు, ఇంతకుముందెన్నడును లేనంతగా అభిప్రాయములు చీలినవి. ఆ చీలిక మాకు వ్యక్తిగతమైనది కాదనియు, విచారింపదగిన ధర్మసందేహమనియు తోచుటచే ఇచ్చట వ్రాయుచున్నాము.

కథ తెలియనివారు తెలుగునాట అరుదు. శరత్తు యౌవనమున వ్రాసిపెట్టిన ఆ చిన్న నవల 1917లో అచ్చయినది. చక్రపాణిగారివంటి అనువాదకుల మూలమున శరత్తు తెలుగువారికి ఇంటి రచయితయే అయ్యెను. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావుగారు నటించిన చలనచిత్రము వచ్చిన పిమ్మట, దేవదాసు అను పేరు మన భాషలో ఒక జాతివాచకమే అయిపోయినది. గడ్డము పెంచి సీసా చేతబట్టిన యువకుని జూచి ఊరివారు ఆ పేరుతోనే పిలుతురు. జమీందారు కొడుకు, పొరుగింటి పార్వతి, పెద్దల నిరాకరణము, వాని పిఱికితనము, ఆమెకు ముదివయసువానితో వివాహము, కలకత్తాలో త్రాగుడు, చంద్రముఖి పరిచర్య, కడకు పార్వతి వాకిట వాని మరణము. ఇంతియే కథ. గ్రంథాంతమున కథకుడు తానే ముందుకు వచ్చి, ఈ దౌర్భాగ్యునిపై జాలిపడుడని చదువరులను వేడుకొనును.

గోష్ఠిలో మొదటి పక్షమువారు ఆ వేడికోలునే తప్పుపట్టిరి. వారిలో పెద్దవారైన యొక విశ్రాంతోపాధ్యాయులు, త్రాగి చచ్చినవానికి గ్రంథకర్త దండ వేసినాడనియు, పిల్లలు దండను చూతురుగాని చావును చూడరనియు చెప్పిరి. రెండవ పక్షమువారు ఎక్కువగా యువకులు. వ్యసనపరుని ఛీకొట్టుటకు ఊరంతయు నున్నదనియు, వాని లోపలి నొప్పిని చెప్పుటకు ఒక్క పుస్తకమైనను ఉండవలదా యనియు వారు వాదించిరి. మూడవ పక్షమున నిలిచినది ఒక్క సోదరి మాత్రమే. ఆమె యన్నమాటను ఆమె భాషలోనే వ్రాసెదము: "గాయన సచ్చిపోతే మనమందరం ఏడ్చినం సారూ. గా పార్వతి నొసటి మచ్చకు ఎవరన్న ఏడ్చిండ్రా?" పెండ్లికి ముందు దేవదాసు కోపమున చేపల గాలపు కఱ్ఱతో పార్వతి నొసట కొట్టి గాయము చేయును. ఆ పుటను మేమందఱమును జదివియుంటిమి. ఆమె మాత్రమే అచ్చట ఆగెను.

ఇక ఒక్కొక్క పక్షమును పరీక్షింతము.

మొదటి పక్షమునందు సత్యాంశము లేకపోలేదు. పుస్తకము చెడుపు చేయగలదు. అయితే ఏ విధముగా చేయును? చీకటిని చూపుటచేతనా? మేమట్లు తలపము. గురజాడవారి 'కన్యాశుల్క'మున సారాదుకాణపు రంగమొకటి గలదు. అందు బైరాగి మొదలుకొని ఊరి ఉద్యోగులవఱకు చేరి త్రాగుచు వేదాంతము పలుకుదురు. దానిని జదివి త్రాగుటకు బయలుదేరినవారుండరు. ఏలయన ఆ రంగమున త్రాగుడునకు గౌరవము లేదు. త్రాగినవాడు త్రాగినవానివలెనే మాటలాడును. 'దేవదాసు'నందలి ప్రమాద మిది కాదు. అచ్చట ఒక నీచమైన అలవాటునకు ఉదాత్తమైన కారణము చూపబడినది. ప్రేమ విఫలమైనది గనుక త్రాగెనట! మన చుట్టునున్న త్రాగుబోతులలో భగ్నప్రేమికులెందఱు? చెఱకునఱకుటకై కర్ణాటక మహారాష్ట్రములకు వలసపోయి, పగలంతయు కత్తి పట్టి, రాత్రి నొప్పి మఱచుటకు త్రాగనేర్చినవారు కొందఱు. తోడివారు నవ్వుదురని మొదటి గ్రుక్క మ్రింగినవారు కొందఱు. కల్లు ఆహారమని యెంచు ఇండ్లలో పుట్టి, ఎప్పుడు మొదలైనదో కూడ ఎఱుగనివారు కొందఱు. వీరి కథలో విరహము లేదు, పల్లకి లేదు. నిజమైన వ్యసనము విసుగుపుట్టించునది. ఒకటే పని, ఒకటే అప్పు, ఒకటే అబద్ధము దినదినమును తిరుగుచుండును. కావున 'దేవదాసు'పై మా ఆక్షేపణము అది మిక్కిలి చీకటిగా నున్నదని కాదు. చాలినంత చీకటిగా లేదని. చీకటిలో నడుమ నొక దీపము వెలిగించి, ఆ వెలుగున త్రాగుబోతు ముఖము అందముగా కనబడునట్లు చేసినదని. జోలా నవలలో ఆ కప్పులు వేయువాడు కాలుజాఱి క్రిందబడి, పనిలేక సోమరియై, త్రాగుడుపాలయి, వైద్యశాలలో వణకుచు కేకలువేయుచు చచ్చును. వానివలె కావలెనని ఏ యువకుడును కోరడు. పిల్లలను కాపాడుటకు చీకటి పుస్తకములను దాచుట మందు కాదు. మెఱుగుపెట్టిన చీకటిని నిజమైన చీకటినుండి వేఱుచేయ నేర్పుటయే మందు.

రెండవ పక్షము జాలిపక్షము. దీనికి మన ప్రాచీన వాఙ్మయమునందే గట్టి యాధారము గలదు. సంస్కృతమున 'వ్యసన'మను పదమునకు రెండర్థములు: దురలవాటనియు, ఆపద యనియు. ఆ భాషను కూర్చినవారు దోషమును దుఃఖమును ఒక్క పదముననే యిమిడ్చిరి. ఋగ్వేదము పదవ మండలమున ముప్పదినాలుగవ సూక్తము జూదరి విలాపము. అతడు పాచికలు తనను ఏలుచున్నవని యెఱుగును. భార్య తొలగిపోయినదని, అత్త ద్వేషించుచున్నదని, అప్పు పుట్టుట లేదని యెఱుగును. ఇక ఆడనని నిశ్చయించుకొనును. పాచికల చప్పుడు చెవినిబడగానే మఱల పోవును. చివర సూక్తము వానికి చెప్పు హితవు ఒక్కటే: జూదము మాని సేద్యము చేసికొమ్మని. వ్యసనపరుని అంతరంగమును ఇంత సూటిగా చెప్పిన కవిత్వము లోకమున ప్రాచీనమైనది మఱి యెద్ది? దానిని ఋషులు వేదమునుండి త్రోసివేయలేదు. దేవతాస్తుతుల ప్రక్కనే నిలిపిరి. మహాభారతమున శుక్రాచార్యుని కథయు నిట్టిదే. అసురులు కచుని కాల్చి, ఆ బూడిదను మద్యమున కలిపి ఆయనచే త్రాగించిరి. మైకమున తానేమి మ్రింగెనో యెఱుగని ఆ మహాపండితుడు, తెలివివచ్చిన పిదప మద్యపానమును శపించెను. పాండిత్యము త్రాగుడునకు అడ్డుగోడ కాదని ఆ కథ మనవంటి చదువుకొన్నవారికే చెప్పుచున్నది.

ఈ జాలికి నేటి వైద్యశాస్త్రమును తోడు నిలుచుచున్నది. చిరకాలము త్రాగినవాని మెదడు మద్యమునకు అలవాటుపడి, అది లేనిచో తిన్నగా పనిచేయజాలదు. అట్టివాడు హఠాత్తుగా మానినచో వణకు, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణాపాయమును కలుగవచ్చును. తెలంగాణమున 2015లో ప్రభుత్వము కల్తీకల్లుపై కఠినచర్యలు గైకొనినప్పుడు నిజామాబాదు, మహబూబునగరము మొదలగు జిల్లాలలో వందలకొలది జనులు ఇట్టి వికారములతో వైద్యశాలలకు చేరిరి. వారు త్రాగుచున్నది తాటికల్లు, ఈతకల్లు అనుకొనిరి. అందు క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, అల్ప్రాజొలాము వంటి మందులు కలుపబడుచుండెను. తమకు తెలియని మందునకు తమకు తెలియకయే బానిసలైనవారిని ఏ ధర్మశాస్త్రము నేరస్థులనగలదు? పాపము వారిదే అనువాడు, కలిపినవాని పాపమును దాచినవాడగును. 2019లో వెలువడిన కేంద్రప్రభుత్వ నివేదిక ప్రకారము దేశమున పది మొదలు డెబ్బదియైదేండ్ల వయసువారిలో నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్లమంది మద్యము త్రాగుచున్నారు. వారిలో దాదాపు 5.7 కోట్లమందికి చికిత్సయో సహాయమో కావలెను. ఇంతమందిని దుర్మార్గులని తీర్పుచెప్పి చేతులు కడుగుకొను సంఘము తన బుద్ధిమాంద్యమునే చాటుకొనును.

అట్లయిన జాలిపక్షమే గెలిచినదా? ఇచ్చట మూడవ పక్షము అడ్డువచ్చుచున్నది. ఆ సోదరి ప్రశ్నకు మనయందు మిక్కిలి గొప్ప పూర్వరూపము గలదు. ధర్మరాజును మించిన సాధువు లేడు. ఆయనకు పాచికల బలహీనత. రాజ్యమును, తమ్ములను, తన్నును ఒడ్డి ఓడెను. తుదకు భార్యను ఒడ్డెను. అప్పుడు ద్రౌపది సభకు ఒక ప్రశ్న పంపెను: ముందు తన్నుతాను ఓడినవానికి నన్ను ఒడ్డు హక్కెక్కడిది? భీష్మాదులు తలలు వంచుకొనిరి. వ్యాసుడు ధర్మరాజునందు మనకు జాలి పుట్టకుండ చేయలేదు. అయినను ఆ జాలిచే ద్రౌపది నోరు మూయింపలేదు. ఆమె ప్రశ్న సభలో మ్రోగుచుండగనే మనము ధర్మరాజును ప్రేమించుచున్నాము. గొప్ప కావ్యమునకును, కన్నీళ్ల కథకును భేద మిదియే.

శరత్తును ఈ గీటురాతిపై గీసి చూతము. ఆయన పార్వతి నొసటి మచ్చను వ్రాసినాడు, దానిని దాచలేదు. చంద్రముఖి తన వృత్తిని విడిచి మాఱిపోవుటను వ్రాసినాడు. మాఱగల శక్తి గ్రంథమంతటను ఆ స్త్రీకే గలదు; జమీందారు కొడుకునకు లేదు. ఈ సత్యములన్నియు పుస్తకమున నున్నవి. కాని కడపట ఆయన చేతులు జోడించి అడిగిన జాలి ఒక్కనికి మాత్రమే. మచ్చ గలిగిన నొసటివారికిని, రాత్రి తలుపుచప్పుడునకు ఉలికిపడు పిల్లలకును, కుదువబడిన పుస్తెకును ఆ పుటలో చోటు లేదు. చదువరి ఏడ్చుచు పుస్తకము మూయును. ఏడ్చితిని గనుక నా ఋణము తీరినదనుకొనును. జాలి ఇట్లు తేలికగా ముగిసిపోవుట వలననే అది సందేహింపదగినదగుచున్నది.

"అయ్యా, వ్యసనము రోగమందురు, రోగి యని జాలిపడుమందురు, మఱల ఇంటివారికి లెక్కచెప్పుమందురు. రోగికి బాధ్యత యెట్లు?" అని కొందఱు ప్రశ్నింపవచ్చును. సమాధాన మిది. సంకెల పడుటకు మనుష్యుడు పూర్తిగా బాధ్యుడు కాకపోవచ్చును; సంకెల యున్నదని యొప్పుకొనుటకును, విప్పుటకు చేయి చాచుటకును బాధ్యుడే. 1935లో అమెరికాయందు ఇద్దఱు త్రాగుడుబాధితులు స్థాపించిన 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అను సంఘమున మొదటి మెట్టు, మద్యము ముందర నేను నిస్సహాయుడనని యొప్పుకొనుట. అంతటితో వారు ఆగరు. తాము నొప్పించినవారి పేర్లను వ్రాసికొని, సాధ్యమైనంతవఱకు వారికి పరిహారము చేయుట కూడ వారి మెట్లలో నున్నది. నిస్సహాయతయు బాధ్యతయు ఒక్క మనుష్యునియందే యిముడునని అనుభవమున వారు కనుగొనిరి. ఇక తాళపుచెవి సంఘము చేతిలో నున్నది. వైద్యము అందుబాటులో నుంచుట, కల్తీని పట్టుట, మానదలచినవానిని ఎగతాళి సేయకుండుట, ఇవి రోగి చేయవలసిన పనులు గావు; మనము చేయవలసినవి. దేవదాసు ప్రక్కన సేవకుడు ధర్మదాసుండెను. వాని భక్తి గొప్పది, కాని భక్తి వైద్యము కాదు.

చీకటి కథ చదివినవారిని ఎట్లు మార్చగలదో చెప్పుటకు తెలుగునాట ఒక సాక్ష్యము గలదు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము నడచినది. రాత్రిబడులలో కూలిస్త్రీలు చేరి అక్షరములు దిద్దిరి. వారి వాచకమున సీతమ్మ కథ యను పాఠముండెను. త్రాగుబోతు భర్తచే నలిగి నశించిన ఇల్లాలి కథ యది. ఆ కథలో ఓదార్పు లేదు, దండ లేదు. అక్షరము అక్షరము కూడబలుకుకొని చదివిన స్త్రీలు, ఇది మా కథయే యని గుర్తించి, ఆపై అడుగవలసిన ప్రశ్న అడిగిరి: ఈ సారాయి మా యూరికి ఎవరు తెచ్చుచున్నారు? దూబగుంట గ్రామమున వర్ధినేని రోశమ్మగారు మొదలగువారు దుకాణము మూయించిరి. వారి కథ తరువాతి వాచకమున 'ఆడవాళ్లు ఏకమైతే' అను పాఠమయ్యెను. దానిని జదివి 1992లో ఇతర గ్రామముల స్త్రీలు లేచిరి. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమంతటను సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది; 1997లో అది సడలిపోయినది. శాసనము నిలువలేదు గనుక ఆ పఠనము వ్యర్థమైనదనరాదు. శాసనము కోరికను చంపజాలదు. ఒక కథ భయమును చంపగలదు. ఆ స్త్రీలు పోగొట్టుకొన్నది భయమే.

ఈ రెండు పఠనములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. 'దేవదాసు'ను మనము ఒంటరిగా జదివి ఏడ్చితిమి. వాడెవడో జమీందారు కొడుకు. సీతమ్మ కథను వారు పదిమంది కూడి చదివి, ఏడ్చి, లేచిరి. ఒక కథలో కళ అధికము, మఱియొకదానిలో అల్పము. అందులో సందేహము లేదు. కాని భేదము కళయందు మాత్రమే లేదు. చదువరులు ఎక్కడ కూర్చుండి, ఎవరితో కలిసి, ఏ ప్రశ్న నడిగి చదివిరో అందున్నది. పుస్తకము సగము పని చేయును. తక్కిన సగము గోష్ఠి చేయవలెను.

కావున మా నిర్ణయము లివి. చీకటి కథలను చదువవలెను, పెద్దపిల్లలకును చదువనీయవలెను, కాని ఒంటరిగా వదలరాదు. అట్టి ప్రతి పుస్తకము ముగిసినప్పుడును మూడు ప్రశ్నలు అడుగవలెను. వీని పతనమునకు మూల్యము చెల్లించినవారెవరు? వారికి ఈ పుస్తకమున ఎన్ని పుటలు దొరికినవి? వీడు లేవదలచిన దినమున మూయబడియున్న తలుపు ఏది, దానిని మూసినవారెవరు? ఈ మూడింటికిని సమాధానము వెదకిన చదువరికి 'దేవదాసు' హాని చేయదు, మేలే చేయును. వెదకనివానికి రామాయణమును ఊరక కథయే.

మొదటి పక్షపు పెద్దలు పుస్తకమును బీరువానుండి తీసివేయవలెనని పట్టుపట్టినారు. మేము సమ్మతింపలేదు. పుస్తకములు బీరువాలో నున్నంతమాత్రమున త్రాగుబోతులు పుట్టరు. దుకాణములు వీధిలో నున్నందున పుట్టుదురు. దుకాణము జోలికిపోక పుస్తకమును దండించుట, పాము పడగ నొదలి దాని చిత్తరువును కొట్టుటవంటిది. యువకులకును ఒక మాట. జాలి మంచిగుణమే, అది మీకు సహజముగా కలిగినందుకు సంతోషింపుడు. అయితే మీ యూరిలో ఒక త్రాగుబోతు ఇంటిముందర నిలిచినప్పుడు మీ జాలి వాకిటనే ఆగిపోక లోపలికిని పోవలెను. వాకిట పడియున్నవాని తల ఎత్తి పట్టుకొనుడు. లోపల నొసట మచ్చతో నిలిచియున్న ఆమెను, అమ్మా నీకేమి కావలెనని యడుగుడు. మొదటిది మాత్రమే చేసినవాడు నవలలు చదివినవాడు. రెండును చేసినవాడే వానిని గ్రహించినవాడు.